చూడి కుందేలు: 31 రోజుల లెక్క

ఒకప్పుడు ఊరి ఇళ్లలో కోళ్ల గంప, మేకల పాక మాత్రమే కనబడేవి. ఇప్పుడు వాటి పక్కనే జాలీ తలుపున్న ఒక చిన్న గూడు, అందులో ఒక జత తెల్ల కుందేళ్లు కనబడటం వింత కాదు. పిల్లలు ముచ్చటపడ్డారని సంతలోనో పట్నంలోనో కొని తెస్తారు. కొన్ని నెలలు గడిచాక ఒక ఉదయం గూటి నేల మీద బొటనవేలంత ఎర్రని పసికందులు చల్లబడి పడి ఉంటాయి. తల్లి ఒక మూల ముడుచుకొని ఉంటుంది. ఏమి జరిగిందో పెద్దలకు తెలియదు. పిల్లల ఏడుపు ఆగదు. "కుందేళ్లు మనకు అచ్చిరాలేదు" అని ఆ గూడును ఎవరికో ఇచ్చివేస్తారు.

అచ్చిరావడం, రాకపోవడం అనే మాటను మేము ఒప్పుకోము. మేము చూసినంతలో ఇట్టి నష్టాలు రోగం వలన కలిగినవి తక్కువ, రోజులు లెక్క పెట్టకపోవడం వలన కలిగినవే ఎక్కువ. ఆవు తొమ్మిది నెలలు మోస్తుంది, మేక ఐదు నెలలు మోస్తుంది. కుందేలు మోసేది 31 రోజులే. ఒక రోజు అటు ఇటు కావచ్చు. ఇంత కొద్ది కాలంలో అంతా జరిగిపోతుంది గనుక, కుందేలు విషయంలో ఒక వారం ఏమరుపాటు మేక విషయంలో నెల పైచిలుకు ఏమరుపాటుతో సమానం.

ముందుగా ఒక సంగతి. మన చేలలో, చిట్టడవులలో తిరిగే చెవులపిల్లి వేరు, గూటిలో పెంచుకునే తెల్ల కుందేలు వేరు. ఈ రెండింటికీ సంతానం కలగదు. చెవులపిల్లి బయట నేల మీదనే ఈనుతుంది. దాని పిల్ల ఒంటినిండా బొచ్చుతో, తెరచిన కళ్లతో పుడుతుంది. (దానిని పట్టి తెచ్చి పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని కూడా ఇక్కడే చెప్పివేస్తున్నాము.) పెంపుడు కుందేలు ఐరోపాలో నేల బొరియలలో కాపురముండే జాతి నుండి వచ్చినది. దాని పిల్లకు బొచ్చు ఉండదు, కళ్లు మూసుకొని ఉంటాయి, ఒంట్లో వేడిని నిలుపుకునే శక్తి ఉండదు. కళ్లు తెరవడానికి 10 నుండి 12 రోజులు పడుతుంది. బొరియలో వెచ్చగా, చీకటిగా ఉండవలసిన పిల్లను మనం ఇనుప జాలీ మీద పుట్టనిస్తున్నాము. తల్లికి బొరియ లేదు గనుక దానిని మనమే కల్పించి ఇవ్వవలసి ఉంటుంది.

తారీఖు వ్రాసుకోండి

ఆవుకు, మేకకు ఎద కాలమని ఒకటి ఉంటుంది. ఆడ కుందేలుకు అట్టి నియమిత కాలం లేదు. మగదానితో కలిసిన తర్వాతనే, సుమారు 10 గంటలకు, దాని అండాలు విడుదలవుతాయి. ఈ విశేషం ఒకప్పుడు మనుషులకు కూడా ఉపయోగపడింది. 1931లో అమెరికాలో ఫ్రీడ్‌మన్ అనే శాస్త్రవేత్త ఒక పరీక్షను ప్రచురించాడు. గర్భవతి అయి ఉండవచ్చునని అనుకునే స్త్రీ మూత్రాన్ని ఆడ కుందేలు రక్తనాళంలోకి ఎక్కించి, రెండు రోజుల తర్వాత దాని అండాశయాలను చూసేవారు. అందులో మార్పు కనబడితే ఆ స్త్రీ గర్భవతి. అది చూడటానికి పాపం కుందేలును కోయవలసి వచ్చేది. తర్వాతి కాలంలో జంతువుతో పని లేని పరీక్షలు వచ్చి ఆ పద్ధతి పోయింది.

మనకు అక్కరకు వచ్చే మాట ఏమిటంటే, కలిసిన రోజు తెలిస్తే ఈనే రోజు తెలిసినట్లే. ఆవు విషయంలో కూడా ఇంత ఖచ్చితంగా చెప్పలేము. కాబట్టి జతను ఎప్పుడూ ఒకే గూటిలో ఉంచకూడదు. అయిదారు నెలలు నిండి, ఒళ్లు గట్టిపడిన ఆడదానిని మగదాని గూటికి తీసుకొనిపోవాలి. మగదానిని ఆడదాని గూటిలో వేస్తే, తన చోటులోకి వచ్చిందని ఆడది కరిచి తరుముతుంది. కలయిక కొన్ని క్షణాలలోనే అయిపోతుంది. మగది ఒక్కసారిగా పక్కకు ఒరిగి పడిపోతే పని జరిగినట్లు. అది చూసి మగదానికి మూర్ఛ వచ్చిందని కంగారు పడనక్కర లేదు. వెంటనే ఆడదానిని దాని గూటికి చేర్చి, గోడ మీది క్యాలెండరులో ఆ తారీఖు చుట్టూ గీత గీయండి. జనవరి 5న కలిపితే ఫిబ్రవరి 5న ఈనుతుంది. ఫిబ్రవరి 2న పెట్టె పెట్టాలి. ఫిబ్రవరి 7 వచ్చినా ఈనకపోతే డాక్టరు దగ్గరకు పోవాలి. ఈ మూడు తారీఖులూ ఒకేసారి వ్రాసిపెట్టుకున్న ఇంట్లో సగం కష్టం తీరినట్లే.

జతను కలిపి ఉంచితే ఇంకొక ప్రమాదం కూడా ఉన్నది. ఈనిన కొద్ది గంటలకే ఆడ కుందేలు మళ్లీ చూడి కట్టగలదు. ఒక పక్క పిల్లలకు పాలిస్తూ, మరొక పక్క కడుపులో ఇంకొక ఈతను మోస్తూ రెండు మూడు ఈతలకే తల్లి ఎముకలగూడు అవుతుంది. ఆ తర్వాత ఈసుకుపోవడం, బలహీనమైన పిల్లలు పుట్టడం మొదలవుతాయి. అమ్మేవారు "రెండూ ఆడవే" అని చెప్పినా నమ్మవద్దు. పసి వయసులో ఆడ, మగ పోల్చుకోవడం అమ్మేవారికి కూడా కష్టమే. మూడు నెలలు నిండేలోగా ఎరిగినవారికి చూపించి విడదీయడం మంచిది.

కొన్నిసార్లు కలయిక జరిగినా చూడి కట్టదు. అయినా కుందేలు కట్టినట్లే నడుచుకుంటుంది. 16, 17 రోజులకు రొమ్ము బొచ్చు పీకి గూడు కట్టడం మొదలుపెడుతుంది. ఇది ఉత్తుత్తి చూడి. ఒక ఆడదాని మీద మరొక ఆడది ఎక్కినా ఇలా జరగవచ్చు. దీనికి మందు అక్కరలేదు. రెండు మూడు రోజులలో తనంతట తానే సర్దుకుంటుంది. తారీఖు వ్రాసి ఉన్న ఇంటివారు "ఇంకా 17వ రోజే కదా" అని తెలుసుకుంటారు. వ్రాయనివారు నెలలు నిండాయనుకొని, పిల్లలు రాలేదని కడుపు పిసికి చూస్తారు. అది చేయరాదు. 12 నుండి 14 రోజుల మధ్య చేయి తిరిగినవారు పొట్ట కింద మెల్లగా తడిమితే గోలీకాయలవంటి ఉండలు తగులుతాయి. అలవాటు లేనివారు పేడ ఉండలను చూసి పిల్లలనుకుంటారు, లేదా గట్టిగా నొక్కి పిండాలకు హాని చేస్తారు. తెలియని చేయి తడమకపోవడమే మేలు.

మూడవ వారంలో పిండాలు ఒక్కసారిగా పెరుగుతాయి. ఈ రోజులలో కుక్క మొరిగి మీదికి వచ్చినా, గూటి దగ్గర టపాకాయలు పేలినా, పిల్లలు చెవులు పట్టి ఎత్తినా కుందేలు ఈసుకుపోవచ్చు. చెవులు పట్టి ఎత్తడం ఎప్పుడూ తప్పే. ఒక చేయి ముందు కాళ్ల వెనుక, రెండవ చేయి పిరుదుల కింద పెట్టి ఒంటికి ఆనించుకొని ఎత్తాలని పిల్లలకు నేర్పండి. బూజు పట్టిన వేరుశనగ చెక్క కూడా చూడి కుందేలుకు చేటు. ఆ బూజులోని విషం గేదె తట్టుకున్నంత మాత్రాన కుందేలు తట్టుకోలేదు. గేదెకు పెట్టగా మిగిలిన చెక్కను కుందేలు ముందు వేయకండి. సుబాబుల్ ఆకు కొంచెం పెడితే ఫరవాలేదు, అదే మేతగా పెడితే బొచ్చు రాలుతుంది, చూడి నిలవదు.

బలిసిన కుందేలు

చూడి చివరి వారంలో వచ్చే ఒక జబ్బు గురించి కొంచెం విపులంగా చెప్పాలి. ఎందుకంటే అది వచ్చాక బ్రతికేవి తక్కువ, రాకుండా ఆపడం మాత్రం మన చేతిలోని పని. డాక్టర్లు దీనిని టాక్సీమియా అంటారు. ముద్దుచేసి బిస్కెట్లు, అన్నం, అరటిపండ్లు పెట్టి పెంచిన, కదలిక లేని, బలిసిన కుందేలుకే ఇది ఎక్కువగా వస్తుంది. తొలి ఈత కుందేళ్లలోనూ కనబడుతుంది.

జరిగేది ఇది. కడుపులో ఆరేడు పిల్లలు ఒక్కసారిగా పెరుగుతూ తల్లి రక్తంలోని చక్కెరను పీల్చుకుంటాయి. మరొక పక్క ఆ పిల్లలే జీర్ణకోశాన్ని నొక్కుతూ ఉంటాయి గనుక తల్లి తినగలిగేది తగ్గుతుంది. లోటు పూడ్చడానికి ఒంటిలోని కొవ్వు కరుగుతుంది. బలిసిన కుందేలులో కొవ్వు ఎంత కరుగుతుందంటే కాలేయం దానిని అరిగించుకోలేక చేతులెత్తేస్తుంది. అప్పుడు కుందేలు మేత ముట్టదు, మందంగా కూర్చుంటుంది, ఊపిరి కష్టంగా తీస్తుంది. నోటి దగ్గర వాసన చూస్తే మగ్గిపోయిన పండు వాసనో, గోళ్ల రంగు తుడిచే మందు వాసనో వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కుందేలు మూత్రం పలుచటి మజ్జిగలా మబ్బుగా ఉంటుంది. ఈ జబ్బులో అది నీళ్లలా తేటగా మారుతుంది. తేటగా ఉంటే మంచిదే కదా అని మనకు అనిపిస్తుంది, కుందేలు విషయంలో అది తలక్రిందులు. తర్వాత వణుకు, ఫిట్స్, ఒకటి రెండు రోజులలో మరణం.

మన పల్లెలలో ఒక పాత అలవాటు ఉన్నది. బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టమవుతుందని గర్భిణికి చివరి నెలలలో తిండి తగ్గిస్తారు. మనిషికే అది హాని. కుందేలుకు ఇదే పద్ధతి పెడితే చేజేతులా ఈ జబ్బును పిలిచినట్లే. చూడి కుందేలును చివరి వారంలో ఒక్క పూట కూడా పస్తుంచరాదు. బలుపు తగ్గించవలసి ఉంటే అది కలపడానికి ముందే జరగాలి. రెండున్నర, మూడు కిలోల కుందేలుకు మామూలు రోజులలో 100 గ్రాముల దాణా, కావలసినంత గడ్డి, పచ్చిమేత సరిపోతాయి. గరిక, లూసర్న్, పిల్లిపెసర, అలసంద తీగ, మునగాకు అన్నీ మంచివే. చూడి చివరి పది రోజులలో దాణాను మెల్లమెల్లగా 150 గ్రాముల వరకు పెంచండి. ఆ కాలంలో గూడు మార్చడం, కొత్త దాణా మొదలుపెట్టడం వద్దు. మేత మానిన కుందేలును రేపు చూద్దామని ఉంచకండి. డాక్టరు నరంలోనో చర్మం కిందనో గ్లూకోజు ఎక్కిస్తాడు. అక్కడికి చేరేలోగా, మింగగలిగితే, కొంచెం గ్లూకోజు నీళ్లు సూది లేని సిరంజితో చెంప పక్కన చుక్క చుక్కగా పట్టవచ్చు.

ఎండను కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కుందేలుకు చెమట పట్టదు. చెవులలోని రక్తనాళాల గుండానే ఎక్కువ వేడి బయటికి పోతుంది. 30 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం మొదలవుతుంది. రెంటచింతలలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు. నెలలు నిండిన కుందేలు ఆ వేడికి మధ్యాహ్నం రెండింటికి రొప్పడం మొదలుపెట్టి నాలుగింటికి ప్రాణం విడువగలదు. గూటి చుట్టూ తడి గోనెపట్టాలు, పడుకోవడానికి తడిపిన బంగాళా పెంకు, ఎప్పుడూ చల్లని నీళ్లు ఉండాలి. రొప్పుతుంటే చెవులను తడిగుడ్డతో తుడవాలి గాని బకెట్టులో ముంచరాదు. అసలు ఎండాకాలపు ఈతలు వద్దనే మా సలహా. జనవరి చివరి తర్వాత కలపడం ఆపితే ఏప్రిల్ మధ్యకు పిల్లలు పాలు మానతాయి. ఎండదెబ్బకు మగ కుందేలు వీర్యం కూడా చెడిపోయి, కోలుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది గనుక, వేసవిలో కలిపినా చాలాసార్లు ఫలితముండదు.

ఆ రాత్రి

28వ రోజున పెట్టె పెట్టాలి. అంతకు చాలా ముందుగా పెడితే కుందేలు దానిని మూత్రపు దొడ్డి చేసుకుంటుంది. పండ్ల చెక్కపెట్టె చాలు. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, తల్లి లోపల తిరగగలిగినంత. ముందువైపు అయిదారు అంగుళాల గడప ఉండాలి. పాలు తాగుతూ చన్ను పట్టుకొని వేలాడే పిల్ల తల్లితో పాటు బయటికి ఈడ్చుకొని రాకుండా ఆ గడప ఆపుతుంది. లోపల పొడి గడ్డి దండిగా పరచండి. దూది, దారపు పోగులు వద్దు, అవి పిల్లల కాళ్లకు చుట్టుకుంటాయి. గూటి కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి. పుట్టిన వాసనకు ఎర్ర చీమలు ఎంత త్వరగా వస్తాయో చూసినవారికి ఈ మాట మళ్లీ చెప్పనక్కర లేదు.

ఈనడానికి ఒకటి రెండు రోజుల ముందు మేత తగ్గుతుంది. అది సహజమే. కొద్ది గంటల ముందు రొమ్ము మీద, పొట్ట మీద బొచ్చు పీకి పెట్టెలో పరుస్తుంది. ఎక్కువగా రాత్రివేళ, తెల్లవారుజామున ఈనుతుంది. ఆరోగ్యమైన కుందేలుకు అయిదు నుండి ఎనిమిది పిల్లలైనా అరగంటలోపు పని ముగుస్తుంది. తల ముందు వచ్చినా, కాళ్లు ముందు వచ్చినా రెండూ మామూలే. మావిని, బొడ్డుతాడును తల్లి తినివేస్తుంది. దీపం పట్టుకొని ఇంటిల్లిపాది గూటి ముందు కూర్చోవడం అన్నిటికంటే పెద్ద ఆటంకం. బెదిరిన కుందేలు పిల్లలను జాలీ మీద ఎక్కడపడితే అక్కడ వేస్తుంది, తొక్కుతుంది.

ఈ అరగంట అనే లెక్కను గట్టిగా గుర్తుంచుకోవాలి. ఆవు రెండు గంటలు నొప్పులు పడినా మనం ఓర్చుకొని చూస్తాము. కుందేలు అరగంటకు పైగా ముక్కుతూ ఒక్క పిల్లనైనా వేయలేదంటే ఏదో అడ్డు పడినట్లే. ఒకటి రెండు పిల్లలే ఉన్నప్పుడు అవి కడుపులో బాగా పెరిగిపోయి దారి పట్టకపోవచ్చు. పిల్ల అడ్డం తిరిగి ఉండవచ్చు. బలిసిన తల్లికి దారి ఇరుకై ఉండవచ్చు. అలసిన గర్భసంచి ముడుచుకోవడం మాని ఉండవచ్చు. పచ్చని లేక నల్లని, చెడు వాసన గల ద్రవం కారుతున్నా, రక్తం ఆగకుండా కారుతున్నా, తల్లి పళ్లు కొరుకుతూ ఒక పక్కకు ఒరిగినా ఇక ఆలస్యం పనికిరాదు. కుందేలు అరవదు. పులి, నక్క, గద్ద అన్నీ తిని బ్రతికే జంతువు గనుక నొప్పిని దాచుకోవడం దానికి పుట్టుకతో వచ్చింది. బయటికి కనబడేటంత నొప్పి అంటే అది చాలా దూరం పోయిన నొప్పి.

నొప్పులే రాకుండా 33వ రోజు వచ్చినా డాక్టరుకు చూపించాలి. 35 దాటితే కడుపులోని పిల్లలు బ్రతికి ఉండటం అరుదు. తల్లికి కూడా విషం ఎక్కుతుంది.

పిల్ల సగం బయటికి వచ్చి ఆగిపోయి కంటికి కనబడుతుంటే, చేతులు సబ్బుతో కడుక్కొని, శుభ్రమైన తడిగుడ్డతో పట్టుకొని, తల్లి ముక్కినప్పుడే మెల్లగా కిందివైపుకు లాగవచ్చు. అంతకు మించి లోపలికి వేలు పెట్టకండి. ఆముదం తాగించడం, పొట్ట నొక్కడం, మనుషుల నొప్పుల సూదిని ఎవరిచేతనో వేయించడం ప్రాణం తీసే పనులు. ఆ సూది మందు ఆక్సిటోసిన్. దారి తెరచి ఉండి గర్భసంచి మాత్రమే అలసినప్పుడు డాక్టరు కాల్షియం ఇచ్చి, ఆపైన ఈ మందును కొద్ది మోతాదులో ఇస్తాడు. పిల్ల అడ్డం పడి ఉండగా ఇస్తే గర్భసంచి చిరిగిపోవచ్చు. మండల కేంద్రంలోని పశువుల ఆసుపత్రిలో కుందేళ్లు చూసిన అనుభవం తక్కువే కావచ్చు, అయినా ముందు అక్కడికే వెళ్లండి. ఆపరేషన్ అవసరమైతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వంటి చోట్ల పశువైద్య కళాశాలలకు ఆసుపత్రులున్నవి. గాలి ఆడే బుట్టలో గడ్డి వేసి, పైన పలుచని గుడ్డ కప్పి, ఎండ తగలకుండా తీసుకొనిపోవాలి. కలిపిన తారీఖు ఉన్న క్యాలెండరు కాగితాన్ని కూడా వెంట తీసుకొనిపోతే డాక్టరుకు సగం పని తగ్గుతుంది.

ఇంకొక వింత. కుందేలుకు గర్భసంచులు రెండు, వాటి ద్వారాలు కూడా రెండు. ఒక్కొక్కసారి కొన్ని పిల్లలు రాత్రి పుట్టి, మిగిలినవి చాలా గంటలు ఆలస్యంగా, మరునాడు కూడా పుడతాయి. తల్లి చురుకుగా ఉండి మేత తింటుంటే భయం లేదు. తల్లి మందంగా ఉండి, పొట్టలో గట్టి ఉండలు ఇంకా తగులుతుంటే లోపల పిల్ల నిలిచిపోయినట్లు.

పాలివ్వడం లేదని తొందరపడవద్దు

తెల్లవారిన తర్వాత తల్లికి ఇష్టమైన పచ్చిమేత వేసి, అది తింటుండగా పెట్టె చూడండి. చనిపోయిన పిల్లలను తీసివేయండి, బ్రతికినవాటిని లెక్కపెట్టండి. మనిషి చేయి తగిలితే తల్లి పిల్లలను వదిలివేస్తుందనే మాట పెంపుడు కుందేలు విషయంలో నిజం కాదు. చేతులను తల్లి ఒంటి బొచ్చుకు రుద్ది పట్టుకుంటే చాలు.

జాలీ మీద చల్లబడి పడి ఉన్న పిల్లను చచ్చిందని పారవేయకండి. కుక్క, పిల్లి తమ పిల్లలను నోట కరచి తెచ్చుకున్నట్లు కుందేలు తెచ్చుకోదు, బయట పడినది బయటే ఉంటుంది. దానిని రెండు అరచేతుల మధ్య, లేదా గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన పెట్టండి. రాయిలా చల్లబడినది అరగంటలో కాళ్లు కదిలించడం మేము చూశాము. వెచ్చబడకముందు పాలు పట్టడం మాత్రం వద్దు. తల్లి బొచ్చు సరిగా పీకకపోతే దాని పొట్ట మీది బొచ్చు ఆ రోజులలో వదులుగా ఉంటుంది, వేళ్లతో నొప్పి లేకుండా తీసి పిల్లల మీద కప్పవచ్చు.

మంచి మనసుతోనే జరిగే అనర్థం ఇక్కడున్నది. పగలంతా చూసినా తల్లి పెట్టెలోకి వెళ్లదు. "పాలివ్వడం లేదు, పిల్లలను వదిలేసింది" అని ఇంటివారు పిల్లలను తెచ్చి ఆవు పాలు, నీళ్లు కలిపిన పాలు పట్టడం మొదలుపెడతారు. రెండు మూడు రోజులలో పిల్లలన్నీ పోతాయి. నిజమేమిటంటే తల్లి కుందేలు రోజుకు ఒక్కసారి, ఎక్కువైతే రెండుసార్లు, అది కూడా చీకటివేళ, మూడు నుండి అయిదు నిమిషాలు మాత్రమే పాలిస్తుంది. పదే పదే వెళితే శత్రువుకు బొరియ దారి చూపినట్లవుతుందని దాని స్వభావం. ఆ పాలు ఆవు పాలకంటే మూడింతలు చిక్కన, ఒక్క పూట తాగితే రోజంతా నిలుస్తుంది. తల్లిని చూసి తీర్పు చెప్పకండి, పిల్లల పొట్టలను చూడండి. ఉదయం పొట్ట గుండ్రంగా, చర్మం నునుపుగా ఉంటే పాలు తాగినట్లు. పొట్ట లోపలికి పోయి, చర్మం ముడతలు పడి ఉంటే తాగనట్లు. రెండవ రోజు కూడా అలాగే ఉంటే తల్లిని మెల్లగా పట్టుకొని పెట్టెలో పిల్లల మీద నిలబెట్టండి. తల్లి చనిపోయినా, పాలు లేకపోయినా, అదే రోజులలో ఈనిన మరొక కుందేలు దగ్గర చేర్చడమే అన్నిటికంటే మంచి దారి. పిల్లల మధ్య రెండు మూడు రోజులకంటే తేడా ఉండరాదు. మరొక తల్లి దొరకకపోతే మేకపాలు పట్టి చూడవచ్చు గాని, బ్రతికేవి కొన్నే అని పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

తల్లి తన పిల్లలను తినివేయడం చూస్తే ఎవరికైనా మనసు చెదురుతుంది. దానిని శాపమని, దుష్ట జంతువని అనుకోవద్దు. తొలి ఈతలో బెదిరిపోయిన తల్లి, ఈనే రాత్రి గిన్నెలో నీళ్లు లేక దాహంతో ఉన్న తల్లి మావితో పాటు పిల్లను కూడా కొరుకుతుంది. చచ్చిన పిల్లను గూడు శుభ్రం చేసినట్లు తినివేస్తుంది. ఆ రాత్రి నీళ్ల గిన్నె నిండుగా ఉంచండి. పాలిచ్చే కుందేలు వేసవిలో రోజుకు లీటరు పైగా తాగగలదు. ప్రశాంతమైన చోట రెండవ ఈతలో కూడా అలాగే చేస్తే ఇక దానిని కలపకండి.

పాలిచ్చే రోజులలో చన్ను వేడిగా, ఎర్రగా, గట్టిగా మారి, తర్వాత నీలం రంగుకు తిరిగితే అది పొదుగువాపు. తల్లికి జ్వరం వస్తుంది, పిల్లలను దగ్గరకు రానివ్వదు. ఆ పిల్లలను వేరే తల్లికి చేర్చరాదు, ఆమెకు కూడా అంటుకుంటుంది. మందు డాక్టరే ఇవ్వాలి. మేము ఎరిగిన ఒక ఇంట్లో ఇట్టి కుందేలుకు మందుల దుకాణంలో అడిగి, చంటిపిల్లలకు వాడే అమాక్సిసిలిన్ సిరప్ తెచ్చి నోట్లో పోశారు. వాపు తగ్గేలోగా విరేచనాలు పట్టుకొని మూడవ రోజున అది చనిపోయింది. పెన్సిలిన్, ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్ మందులు నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగులలోని మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చి, విషం పుట్టించేవి పెరుగుతాయి. మనకు ప్రాణం పోసే మందు దానికి ప్రాణాంతకం. డాక్టరు ఏదైనా నోటి మందు వ్రాస్తే, ఇది కుందేలుకు అని మరొకసారి గుర్తుచేయడంలో మొహమాటం వద్దు.

పిల్లలు నాలుగైదు వారాలకు పాలు మానతాయి. తల్లి మళ్లీ ఒళ్లు కూడదీసుకునే వరకు, కనీసం మరొక నెల, మగదాని దగ్గరకు పంపకండి.

ఇక ముసలి కుందేళ్ల మాట ఒకటి మిగిలింది. కొన్ని జాతులలో నాలుగేళ్లు దాటిన ఆడ కుందేళ్లలో సగానికి పైగా గర్భసంచి క్యాన్సరు వస్తుంది. మూత్రంలో రక్తం కనబడితే ఈసుకుపోయిందని కొందరు అనుకుంటారు. కొన్ని రకాల మేత తిన్న తర్వాత మూత్రమంతా ఒకే తీరుగా ఎర్రబడటం మామూలే, ఒకటి రెండు రోజులలో పోతుంది. అలా కాక మూత్రం చివర రక్తపు చుక్కలో గడ్డలో వేరుగా పడుతుంటే, దానిని మగదానితో కలిపి ఎన్నాళ్లయినా సరే, ఒక తెల్లని గుడ్డ మీద ఆ చుక్కను పట్టి డాక్టరుకు చూపించండి.